ఐటీ మంత్రి గారికి: మా ల్యాబ్ కంప్యూటర్లను ఒకదానితోని ఒకటి మాట్లాడనియ్యండి

గౌరవనీయులైన తెలంగాణ ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, నేను హనుమకొండల ఒక డిగ్రీ కాలేజీల కంప్యూటర్స్ చెప్త. మా దగ్గరికి పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి దిక్కు నుంచి పిల్లలు వస్తరు, చాలామందికి ఇంట్ల ఫోన్ తప్ప ఇంకేం ఉండదు, కంప్యూటర్ అంటే వాళ్లకు మా ల్యాబే. ఆ ల్యాబ్ గురించే ఈ ఉత్తరం. కొత్త మెషిన్లు ఇయ్యమని అడగటానికి రాస్తలేను. ఉన్న మెషిన్లు కలిసి పనిచెయ్యకుండ కొన్ని రూల్స్ అడ్డం పడుతున్నయి, అవి మీ శాఖ ఒక్క సర్క్యులర్ ఇస్తే పోతయి, అందుకే నేరుగ మీకే రాస్తున్న.

ముందు రోజూ జరిగేది చెప్త. విండోస్ అప్డేట్ వచ్చిన రోజు మా ల్యాబ్‌ల ప్రాక్టికల్ నడవదు. ఎందుకంటే పక్కపక్కన కూసున్న మెషిన్లన్నీ అదే ఫైల్‌ను బయట ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి ఎవరికి వాళ్లు మొత్తం దించుకుంటయి, ఉన్నదేమో ఒక్కటే లైన్. ఒక మెషిన్ దించుకుంటే మిగతావి దాని దగ్గర నుంచి తీసుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తది. ఆ సౌకర్యం విండోస్ 10 నుంచి ఉన్నది, డెలివరీ ఆప్టిమైజేషన్ అంటరు, పైసా ఖర్చు లేదు. కానీ మా దగ్గర అది ఆఫ్‌ల ఉంటది. నెట్‌వర్క్ చూసేటోళ్లకు పీర్ టు పీర్, అంటే మధ్యల సర్వర్ లేకుండ మెషిన్లు నేరుగ ఒకదానికొకటి ఇచ్చుకునుడు, అన్న మాట కనపడితే చాలు బ్లాక్ కొడతరు.

వాళ్ల భయం ఎక్కడిదో నాకు తెలుసు. 1999ల నాప్‌స్టర్ వచ్చింది, జనం పాటలు ఫ్రీగ పంచుకున్నరు, కోర్టు కేసులై 2001ల మూతపడ్డది. తర్వాత ఇట్లనే ఫైళ్లు పంచే టోరెంట్ అంటే పైరసీ సినిమా అనే పేరు పడ్డది. పైరసీ తప్పే, దాన్ని నేను వెనకేసుకొస్తలేను. కానీ అదే టోరెంట్ మీద ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్‌లను, అంటే విండోస్ లెక్క కంప్యూటర్‌ను నడిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్లను, తయారు చేసేటోళ్లే అధికారికంగ పంచుతరు. ఒకరు చెడ్డపనికి వాడిన్రని మొత్తం పద్ధతినే కాలేజీ గేటు బయట నిలబెట్టుడు న్యాయం కాదు సార్.

అసలు ఆ పద్ధతి ఎంత తెలివైందో ఒకసారి చూడండి. 2001ల బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ బిట్‌టోరెంట్ రాసిండు. పెద్ద ఫైల్‌ను చిన్న ముక్కలు చేస్తది, ప్రతి ముక్కకు వేలిముద్ర లెక్క ఒక హాష్ ఉంటది, ముక్క దారిల చెడిపోయినా ఎవరన్న మార్చినా హాష్ కలవదు, కలవకుంటే దాన్ని పారేసి ఇంకొకరి దగ్గర తెచ్చుకుంటది. అందరికంటే తక్కువమంది దగ్గర ఏ ముక్క ఉన్నదో దాన్నే ముందు తెచ్చుకుంటది, ఎందుకంటే ఆ ఒక్కరు వెళ్లిపోతే ఆ ముక్క మొత్తానికే పోతది కాబట్టి. ఇంకా ముఖ్యమైంది, తనకు ఎవరు ఇస్తున్నరో వాళ్లకే ఎక్కువ ఇస్తది. మా దిక్కు నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులు పోతరు కదా, ఇయ్యాల నేను నీ మడిల వేస్త రేపు నువ్వు నా మడిల వెయ్యాలె, రానోళ్ల పొలానికి ఎవరూ పోరు, గట్లనే. సర్వర్ మీద వాడేటోళ్లు పెరిగితే అది స్లో అయితది, ఇక్కడ మనుషులు పెరిగినకొద్ది ఇచ్చేటోళ్లు కూడ పెరుగుతరు.

ఫైల్ పంచుకునుడు దగ్గరనే ఆగిపోతే ఇంత పెద్ద ఉత్తరం రాయకపోదును. కంప్యూటర్ పనినే పంచుకోవచ్చు, నాకు కావాల్సింది అది. 1999 మే నెలల అమెరికాల బర్క్‌లీ యూనివర్సిటీ భూమి బయట జీవులున్నరా అని వెతికే సెటీ ఎట్ హోమ్ మొదలుపెట్టింది, రేడియో టెలిస్కోప్ సిగ్నల్స్‌ను ముక్కలు చేసి ప్రపంచంల వాలంటీర్ల కంప్యూటర్లకు పంపిన్రు, ఇంట్ల కంప్యూటర్ ఊకెనే ఉన్నప్పుడు అది లెక్కలు చేసి పంపేది, 2020 మార్చిల ఆపేదాక లక్షలమంది అండ్ల ఉన్నరు. 2000ల స్టాన్‌ఫర్డ్‌ల ఫోల్డింగ్ ఎట్ హోమ్ మొదలైంది, ప్రోటీన్లు ఎట్ల మడతపడతయో లెక్కకట్టేది. 2020 మార్చిల కోవిడ్ వచ్చినప్పుడు జనం ఎగబడి చేరిన్రు, అన్నీ కలిపి ఎక్సాఫ్లాప్ దాటింది, అంటే సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలు పెట్టినన్ని లెక్కలు. అప్పటికి ప్రపంచంల నంబర్ వన్ సూపర్ కంప్యూటర్ కూడ ఆ స్పీడ్‌కు దూరంల ఉన్నది. ఎవరూ బిల్డింగ్ కట్టలే, ఏసీలు పెట్టలే.

ఇక్కడొక మాట స్పష్టంగ చెప్పాలె, లేకుంటే మీ అధికారులే పట్టుకుంటరు. ఈ రెండిట్ల పని పంచేది ఒక సెంట్రల్ సర్వరే, వాలంటీర్ల మెషిన్లు ఒకదానితోని ఒకటి మాట్లాడవు, కాబట్టి ఇవి పూర్తి పీర్ టు పీర్ కాదు. ఎవరి దగ్గర ఏమున్నదో చెప్పే సెంట్రల్ లిస్టు కూడ లేకుండ నడిపే పద్ధతి వేరే, 2001ల కార్డ్, 2002ల కడెమ్లియా అని వచ్చినయి, అండ్ల ఆ లిస్టే ముక్కలై అన్ని మెషిన్లల ఉంటది, లక్షల మెషిన్లున్నా కొద్దిమందిని అడిగితే చాలు దారి దొరుకుతది. ఆ దారిలనే 2022ల పెటల్స్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది, 17,600 కోట్ల పారామీటర్లు, అంటే నేర్చుకున్న అంకెలు, ఉన్న బ్లూమ్ అనే భాషా మోడల్‌ను ఎవరి ఒక్కరి మెషిన్ మొయ్యలేదు, దాని లేయర్లు, అంటే పొరలు, పంచుకొని పదిమంది తలా కొంత మోస్తే నడుస్తది. 2024 సెప్టెంబర్‌ల హైదరాబాద్‌ల ప్రభుత్వం ఏఐ సదస్సు పెట్టింది, సంతోషం. ఏఐ అంటే హైదరాబాద్‌ల డేటా సెంటర్ ఒక్కటే కావద్దు సార్, వరంగల్‌ల ల్యాబ్‌లు కూడ తలా ఒక లేయర్ మొయ్యగలుగుతయి.

మా పిల్లల పని చెప్త. 2021 చివర నల్ల తామర పురుగు వచ్చి వరంగల్, మహబూబాబాద్ దిక్కు మిర్చి రైతును ముంచింది, చేన్లకు చేన్లు పీకేసిన్రు. ఆ ఇండ్ల పిల్లలే మా క్లాస్‌ల ఉన్నరు. పూత ఫొటో, ఆకు ఫొటో చూసి పురుగు మొదట్లనే గుర్తుపట్టే ప్రోగ్రాం చేస్తమని ఒక గ్రూప్ వచ్చింది, ఎవరి ఊర్లె వాళ్లు ఫొటోలు తీసుకొచ్చిన్రు. వాట్సాప్‌ల పంపితే అది ఫొటోను నొక్కి చిన్నగ చేస్తది, పురుగు ఉండేదే మిల్లీమీటరంత, చుక్క లెక్క ఉండేది మసకైపోయింది. పెన్ డ్రైవ్ చేతులు మారింది, వైరస్ ఎక్కింది. ఎవరి దగ్గర కొత్త కాపీ ఉన్నదో ఎవరికీ తెల్వది. సింక్‌థింగ్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉన్నది, ఫోన్ నుంచి ల్యాబ్ మెషిన్‌కు నేరుగ, మధ్యల ఎవరి సర్వర్ లేకుండ, ఫోల్డర్‌ను ఒక్కతీరుగ ఉంచుతది. కోడ్‌కు గిట్ ఉన్నది, 2005ల లైనస్ టోర్వాల్డ్స్ చేసిండు, ప్రతి ఒక్కరి దగ్గర మొత్తం చరిత్ర ఉంటది, ఒక మెషిన్ కాలిపోయినా పని పోదు. ఇద్దరు నెట్ లేకుండ ఒకే డాక్యుమెంట్‌ను వేర్వేరుగ మార్చినా తర్వాత గొడవ లేకుండ కలిపే సీఆర్‌డీటీ అనే లెక్క 2011 నుంచి ఉన్నది. ఇవన్నీ పిల్లలకు నేర్పాలంటే ముందు ల్యాబ్‌ల ఒక మెషిన్ ఇంకో మెషిన్‌ను చూడాలె. చూడనిస్తలేరు. ఆ పిల్లల మొఖం చూస్తే నాకు బాధైతది, వాళ్లు తెచ్చిన ఫొటోలు వాళ్ల నాయిన చేనువి.

నెట్ పోయిన రోజు సంగతి కూడ ఆలోచించండి. 2023 జులై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల 64 సెంటీమీటర్ల పైన వాన పడ్డది, భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి మునిగింది. గసువంటి వానకు ఎక్కడన్న కేబుల్ తెగితే క్లౌడ్ మీదనే నడిచే ప్రతిదీ ఆగిపోతది, పక్క రూంల ఉన్న మనిషికి కూడ ఫైల్ పంపలేం. అదే లోకల్ నెట్‌వర్క్ మీద మెషిన్లు నేరుగ మాట్లాడుకుంటే, కరెంట్ ఉన్నంతసేపు పని నడుస్తది, లైన్ వచ్చినంక బయటోళ్లతోని కలుపుకుంటది.

ఇంకోటి దారి సంగతి. హనుమకొండ కాలేజీ నుంచి వరంగల్ కాలేజీకి, రెండు వేర్వేరు కంపెనీల లైన్లుంటే, డేటా హైదరాబాద్ దాక పోయి, ఒక్కోసారి ఇంకా దూరం పోయి, తిరిగి ఇక్కడికే వస్తది. పైగా కంపెనీలు వందలమందికి ఒకే ఐపీ అడ్రస్ (నెట్ మీద మెషిన్‌ను గుర్తుపట్టే నంబర్) పెట్టి లోపల పంచుతయి, బయటి నుంచి మా మెషిన్‌ను పిలవాలంటే దారే ఉండదు. ఐపీవీ6 అనే కొత్త అడ్రస్ పద్ధతి పెడితే ప్రతి మెషిన్‌కు సొంత అడ్రస్ వస్తది. మిషన్ భగీరథ పైపులతోపాటు ఫైబర్ వేసిన రాష్ట్రం మనది, టీ-ఫైబర్ ఉన్నది, జిల్లాల కాలేజీల మధ్య డేటా జిల్లాలనే తిరిగేటట్టు చేసుడు మీ చేతుల ఉన్నది. ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ రెండూ ఇక్కడనే ఉన్నయి, నిపుణుల కోసం ఎక్కడికో పోవాల్సిన పని లేదు.

భయాలుంటయి, వాటికి జవాబులు కూడ ఉన్నయి. ఎవరన్న తప్పుడు లెక్క పంపితే ఎట్ల అంటరు, అందుకే సెటీ ఎట్ హోమ్ ఒకే ముక్కను ఇద్దరికి ఇచ్చి జవాబులు కలిస్తేనే తీసుకునేది. కరెంట్ బిల్ అంటరు, రాత్రంతా ఆన్ పెట్టమని నేను అడుగుతలేను, పగలు మెషిన్ ఆన్‌ల ఉండి ఎవరూ వాడని టైంల మాత్రమే పనిచేసేటట్టు, ఇట్ల పని పంచే బోయింక్ అనే సాఫ్ట్‌వేర్‌ల సెట్టింగ్ ఉన్నది. ఎంజీఎం లాంటి ఆస్పత్రుల పేషెంట్ల రికార్డులు మాత్రం ఈ నెట్‌వర్క్ మీదికి తేవద్దు, అది నేనే ముందు వద్దంట. ఇంకో భయం నిజమైంది, తీసుకునుడే తప్ప ఇయ్యనోళ్లు. 2000ల న్యూటెల్లా అనే ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్‌ను పరిశీలిస్తే దగ్గర దగ్గర 70 శాతంమంది ఒక్క ఫైల్ కూడ పంచుతలేరని తేలింది. కాబట్టి చేరే ప్రతి కాలేజీ ఎన్ని మెషిన్లు ఇస్తదో ముందే రాసియ్యాలె, ఇచ్చినదాన్ని బట్టి వాడుకోవాలె.

సార్, ఒక సర్క్యులర్ చాలు. ప్రభుత్వ కాలేజీల ల్యాబ్‌లల లోపలి నెట్‌వర్క్ మీద పీర్ టు పీర్‌ను గంపగుత్తగ బ్లాక్ చెయ్యొద్దని, డెలివరీ ఆప్టిమైజేషన్ ఆన్ పెట్టాలని, ఇకమీద ల్యాబ్ టెండర్లల ఐపీవీ6 తప్పనిసరి అని అండ్ల రాయించండి. ఆ తర్వాత వరంగల్, హనుమకొండ జిల్లాల కొన్ని కాలేజీలను టీ-ఫైబర్ మీద కలిపి ఒక్క ఏడాది ట్రయల్ నడపండి, మొదటి పనిగ మిర్చి ఫొటోలే ఇయ్యండి. ఎండకాలం సెలవులల ల్యాబ్‌లు ఖాళీగుంటయి, సెట్టింగులు మార్చెటందుకు అదే మంచి టైం, మా ల్యాబ్‌ల పని నేను జీతం అడగకుండ చేస్త, పక్క కాలేజీలకు కూడ పోయి చేసిపెడత. మిర్చి నాట్లు ఆగస్టుల పడతయి, పూత వచ్చేలోపు ఈ నెట్‌వర్క్ నిలబడాలె.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ లెక్చరర్,
హనుమకొండ