ఐసీయూ డాక్టర్లంతా కలిసి ఒకే మాట చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

గుంటూరులో చాలాకాలం ఐసీయూ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. వెంటిలేటర్ మీదున్న మనిషి గురించి ఇంటివాళ్లకు చెప్పే పద్ధతి మారాలని రాస్తున్నాను.

సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన్ని తెచ్చారు. పక్షవాతం, పైన నిమోనియా. పొద్దున ఊపిరితిత్తుల డాక్టరుగారు "ఆక్సిజన్ కాస్త తగ్గించాం, పర్వాలేదు" అన్నారు. పెద్దకొడుకు ఆ మాట పట్టుకుని పొలం తాకట్టు పెట్టడానికి ఊరెళ్లాడు. సాయంత్రం న్యూరాలజిస్టు "మెదడు బాగా దెబ్బతింది" అని కూతురికి చెప్పి వెళ్లిపోయారు. ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ ఆయన బతుకుతాడా, బతికినా మనుషుల్ని గుర్తుపడతాడా అన్నది ఎవరూ చెప్పలేదు. రాత్రికి వరండాలో అన్నాచెల్లెళ్లు తగవుపడ్డారు. "సిస్టర్, మీరైనా చెప్పండమ్మా" అని ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. డాక్టర్లు మాట్లాడేటప్పుడు నర్సుల్ని పిలవరు. వాళ్లేం చెప్పారో తెలియకుండా నేనేం చెప్పను?

ఫ్రాన్సులో 22 ఐసీయూల్లో చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. రోగి ఇక బతకడని తేలాక ఇంటివాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల మాట వింటూ, సుమారు అరగంట మాట్లాడారు. చదువుకోవడానికి ఓ చిన్న పుస్తకమూ ఇచ్చారు. రోగి పోయిన మూడు నెలలకు చూస్తే, ఆ ఇళ్లలో దిగులు, ఆందోళన తక్కువగా కనిపించాయి. మామూలుగా మాట్లాడిన చోట పట్టిన సమయం ఇరవై నిమిషాలు. తేడా పది నిమిషాలే!

వెంటిలేటర్ తీసే విషయంలో సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పును 2023 జనవరిలో సులభతరం చేసింది. చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం మరో ఇద్దరు నిపుణులు ప్రాథమిక బోర్డుగా కూర్చుని, వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలంది. అంత పెద్ద విషయానికి ముగ్గురు కూర్చోగలిగినప్పుడు, చేరిన మొదటి మూడు రోజుల్లోనే ఒకసారి ఎందుకు కూర్చోకూడదు?

వరండాలో నిలబెట్టి కాదు, ఒక గదిలో కుర్చీలు వేసి చెప్పాలి. డ్యూటీ నర్సు పక్కనే ఉండాలి. ఏం చెప్పారో, ఇంటివాళ్లు ఏం కోరారో కేస్ షీట్‌లో తెలుగులోనే రాస్తే రాత్రి షిఫ్టు వాళ్లూ అదే మాట చెబుతారు. ఐసీయూ ఉన్న ప్రతి ఆసుపత్రికీ దీన్ని నిబంధనగా పెట్టాలని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలను కోరుతున్నాను.

- ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుంటూరు