జర్మనీ నిబంధనతో జమిలి గట్టెక్కదు

సంపాదకులకు,

జమిలి ఎన్నికలపై వస్తున్న వ్యాసాల్లో జర్మనీ పేరు తరచూ వినిపిస్తోంది. వారసుణ్ణి ఎన్నుకున్నాకే ప్రభుత్వాధినేతను దించాలన్న అక్కడి నిబంధనను మనమూ తెచ్చుకుంటే సభలు అయిదేళ్లూ నిలుస్తాయట. జర్మనీలోనే నిలవలేదు.

అక్కడి రాజ్యాంగం 67వ అధికరణం ప్రకారం ఛాన్సలర్‌ (ప్రభుత్వాధినేత)పై అవిశ్వాసం పెట్టేవారు కొత్త ఛాన్సలర్ పేరు కూడా చెప్పాలి. తీర్మానానికీ ఓటింగుకూ మధ్య 48 గంటల వ్యవధి ఉండాలి. హాజరైనవారిలో కాదు, మొత్తం సభ్యుల్లో మెజారిటీ రావాలి. 1932లో ఒకరంటే ఒకరికి గిట్టని నాజీలు, కమ్యూనిస్టులు నాటి ఛాన్సలర్ పాపెన్ ప్రభుత్వంపై కలిసి ఓటేశారు. కూల్చడానికే తప్ప నిలబెట్టడానికి పనికిరాని అలాంటి పొత్తులకు అడ్డుకట్టగా 1949లో దీన్ని రాసుకున్నారు. ప్రయోగించింది రెండుసార్లే. 1972లో ఛాన్సలర్ బ్రాంట్‌పై పెట్టింది 2 ఓట్లు తగ్గి వీగింది. 1982లో ఛాన్సలర్ ష్మిట్ దిగి కోల్ వచ్చారు.

1972లో తర్వాత జరిగింది మాత్రం మన వ్యాసకర్తలు రాయరు. ఏప్రిల్ 27న బ్రాంట్ గట్టెక్కారు. మర్నాడే ఆయన కార్యాలయ పద్దు 247-247 ఓట్లతో వీగిపోయింది. దించే బలం ప్రతిపక్షానికి లేదు, బడ్జెట్ నెగ్గించుకునే బలం ప్రభుత్వానికీ లేదు. చివరికి 68వ అధికరణమే దిక్కయింది: ఛాన్సలర్ విశ్వాస ఓటు కోరి ఓడితే, ఆయన కోరికపై అధ్యక్షుడు 21 రోజుల్లోపు సభను రద్దు చేయవచ్చు. సభ రద్దు కోసం సెప్టెంబర్‌లో మంత్రులే ఓటింగుకు దూరంగా ఉండి తమ ప్రభుత్వాన్ని ఓడించుకున్నారు. 1983, 2005, 2025 ముందస్తు ఎన్నికలూ ఈ దారినే వచ్చాయి. ఛాన్సలర్ షోల్జ్ విశ్వాస ఓటులో ఓడింది 2024 డిసెంబర్ 16న. మన లోక్‌సభలో జమిలి బిల్లు పెట్టింది ఆ మర్నాడే!

ఇంకో చిక్కుంది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ఒక్క ఓటుతో ఓడింది అవిశ్వాసంలో కాదు, తాను పెట్టిన విశ్వాస తీర్మానంలో. 67వ అధికరణం లాంటిది అప్పుడు మనకున్నా ఆయనకు అక్కరకొచ్చేది కాదు. పైగా ఛాన్సలర్‌ను ముందే సభ ఎన్నుకుంటుంది; మన ప్రధానిని రాష్ట్రపతి నియమించాక బలపరీక్ష జరుగుతుంది.

కాబట్టి జర్మనీని చూపేవారు రెండు ప్రశ్నలకు జవాబివ్వాలి. ప్రధాని విశ్వాస తీర్మానంలో ఓడి, వేరెవరికీ మెజారిటీ లేకపోతే ఏం చేస్తారు? బడ్జెట్ వీగినా ప్రభుత్వం కొనసాగితే ఏప్రిల్ 1 నుంచి జీతాలకు, పింఛన్లకు డబ్బు ఏ ఆమోదంతో తీస్తారు?

– ఒక పాఠకుడు, గుంటూరు