మీ కుక్క ఎట్లా పడుకుంటుందో చెప్పండి

మా షాపులో కొన్నవాళ్లకు, ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకు నమస్కారం. అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో పెంచుకునే కుక్క, పిల్లి ఫొటో పంపితే దాన్ని చూసి కలంకారీ బొమ్మ వేసివ్వడం ఈ నెల నుంచి ఆపేస్తున్నాం. ఫొటో పంపండి, ఒంటిమీద మచ్చలు ఎక్కడున్నాయో చూసుకోవడానికి పనికొస్తుంది. కానీ బొమ్మ మాత్రం ఇకమీదట మీరు చెప్పే మాటల్ని బట్టి వేస్తాం. నెలకు తీసుకునే ఆర్డర్లు తగ్గిస్తున్నాం. ధర కొంచెం పెంచుతున్నాం. పదకొండు మందికి చాలా ఆలస్యమైంది, ఆ తప్పు పూర్తిగా నాది. ఎందుకు, ఏమిటి అన్నది దాచకుండా రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. తిరుపతిలో మాది చిన్న షాపు. శ్రీకాళహస్తిలో రెండు కుటుంబాలవాళ్లు మాకు చేత్తో కలంకారీ వేసిస్తారు. దిండు గలీబులు, దుపట్టాలు, గోడకు తగిలించే గుడ్డలు. పోయినేడాది ఒకామె తన కుక్క బొమ్మ వేసివ్వమని అడిగారు. అది చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. చూస్తుండగానే దేవుడి బొమ్మల కంటే ఇవే ఎక్కువైపోయాయి.

మొదట్లో నేనేం చేసేదాన్నంటే, మీరు పంపిన ఫొటోను పెద్దగా ప్రింట్ తీయించి శ్రీకాళహస్తి తీసుకెళ్లేదాన్ని. దాన్ని గుడ్డ కింద పెట్టి, కనిపించే గీతలమీద బొగ్గుతో దిద్దేవాళ్లు. పని తొందరగా అయిపోయేది. చెవులు, ముక్కు, తోక అన్నీ కొలత ప్రకారం ఉండేవి. కొరియర్లో పంపేశాక మీలో చాలామంది బాగుందన్నారు. చిత్తూరు నుంచి ఒకామె మాత్రం నిజం చెప్పారు. "బాగానే ఉందండీ, కానీ ఇది మా టైగర్ కాదు. మా టైగర్ లాంటి వేరే కుక్క" అన్నారు.

ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. మాకు బొమ్మలు వేసే పెద్దాయన్ను నేను మామా అని పిలుస్తాను. ఆయనకు అరవై దాటాయి. చేతివృత్తుల్ని నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ్ చొరవతో 1950ల చివర్లో కాళహస్తిలో పెట్టిన కలంకారీ శిక్షణ కేంద్రంలో వాళ్ల నాన్న నేర్చుకున్నారు. నాన్న దగ్గర ఈయన నేర్చుకున్నాడు. ఆ గుడ్డ తీసుకెళ్లి ఆయన ముందు పరిచి, ఆమె అన్నమాట చెప్పాను. ఆయన కాసేపు చూసి, "ఆయమ్మకు ఫోన్ కలుపు పాపా" అన్నాడు.

స్పీకర్ పెట్టాను. ఆయన అడిగింది ఒకటే. "అమ్మా, అది పడుకున్నప్పుడు కాళ్లు ఎట్ల పెట్టుకుంటాది?"

ఆమె మొదట తడబడ్డారు. తర్వాత మొదలుపెట్టారు. వాళ్లాయన డ్యూటీకి వెళ్లిపోగానే టైగర్ ఆయన ఇంటి చెప్పు ఒకటి నోట కరుచుకుని గుమ్మం దగ్గరికి తెచ్చుకుంటుంది. దానిమీద గడ్డం ఆనిస్తుంది. వెనక కాళ్లు రెండూ కప్పలాగా చాపుకుంటుంది. ఒక చెవి నేలకు తగిలి తిరగబడి, లోపలి గులాబీరంగు కనిపిస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు సరిచేసినా ఆ చెవి మళ్లీ తిరగబడుతుందట. చెబుతూ చెబుతూ ఆమె గొంతే మారిపోయింది.

ఫోన్ పెట్టేలోపే మామ చింతబరికె బొగ్గు తీసుకుని వేరే గుడ్డమీద గీయడం మొదలుపెట్టాడు. గట్టిగా లెక్కపెడితే ఇరవై గీతలుండవు. గుమ్మం, చెప్పు, దానిమీద గడ్డం, తిరగబడిన చెవి. ఆ బొగ్గు గీతల్నే ఫొటో తీసి ఆమెకు పంపించాను. చాలాసేపటికి జవాబు వచ్చింది. "ఆ చెవి" అని రాశారు. అంతే.

ఇంటికి వచ్చేముందు మామను అడిగాను, ఇదెట్లా తెలిసింది అని. ఆయన చెప్పింది యథాతథంగా రాస్తున్నాను. "రాముడికీ లక్ష్మణుడికీ భరతుడికీ మేము ఒకటే కన్ను, ఒకటే ముక్కు గీస్తాం పాపా. మొగం చూసి ఎవురైనా భరతుణ్ణి గుర్తుపడతారా? నెత్తిన పాదుకలు ఉండాయి కాబట్టి భరతుడు. కుక్కకైనా అంతే కదా." గుళ్లలో తెరలుగా కట్టడానికి రామాయణాలు, భారతాలు వేసిన చేతులవి. అంత మంది మనుషుల్ని ఒకే గుడ్డమీద చూపించి, ఎవరెవరో చదువురాని వాళ్లకు కూడా తెలిసేట్టు చేసిన పద్ధతి మన దగ్గర ఉంటే, నేను పోయి ప్రింట్ల మీద దిద్దించాను.

ఇప్పుడు ఆలస్యం సంగతి.

కలంకారీలో గీతకు ప్రాణం పాలు. గాడా అనే ముతక నూలు గుడ్డను బాగా ఉతికి గంజి పోగొట్టాక, కరక్కాయ పొడి, ఎనుము (గేదె) పాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కుండలో రెండు మూడు వారాలు ఊరబెడితే వచ్చే నల్లరంగును కసిం అంటారు. వెదురు పుల్లకు గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగించిన కలాన్ని అందులో ముంచి గీస్తారు. గీసిన క్షణంలో గీత వెలిసిపోయినట్టు ఉంటుంది. చూస్తుండగానే, కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. నేను వందసార్లు చూసి ఉంటాను, ఇప్పటికీ పని ఆపి చూస్తాను. ఆ గీత పక్కకు పాకకుండా పట్టి ఉంచేది పాలలోని వెన్న. ఒకసారి గీశాక చెరపడం కుదరదు.

మే నెలలో ఆర్డర్లు మీదపడ్డాయి. ఎనుము పాలు పోసే ఆమె ఊరికెళ్లింది. నాలుగు రోజులు ఆగుదాం అన్నాడు మామ. నేను ఆగలేదు. షాపులో టోన్డ్ మిల్క్ ప్యాకెట్లు కొని తీసుకెళ్లాను. పాలు పాలే కదా అనుకున్నాను. ఎనుము పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది, టోన్డ్ మిల్క్‌లో మూడు. ఖర్చు తగ్గుతుందన్న ఆలోచన కూడా నాకు ఉంది, అది ఒప్పుకోవాలి. పదకొండు గుడ్డలు ఆ పాలలో తడిపాం. కలం పెట్టగానే గీత రెండువైపులా పాకింది. పిల్లి మీసాలు ఈనెపుల్లల్లా లావెక్కాయి. కళ్లు అలుక్కుపోయాయి. మామ ఏమీ అనలేదు, కలం కడిగి పక్కన పెట్టి టీ తాగడానికి వెళ్లాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ పదకొండు మందికీ ఫోన్ చేసి చెప్పాను. ముగ్గురు డబ్బు వెనక్కి అడిగారు, ఇచ్చేశాను. ఎనిమిది మంది ఆగుతామన్నారు. ఆ ఎనిమిదీ మళ్లీ మొదటినుంచి వేస్తున్నాం, అదనంగా పైసా తీసుకోం. ఇకమీదట ఎనుము పాలు దొరకని రోజు పని ఉండదు.

మామ వాళ్ల ఇంట్లో ఒక బూడిదరంగు పిల్లి ఉంది. ఎవరూ పెంచలేదు, దానంతట అదే వచ్చి చేరింది. పాలలో తడిపిన గుడ్డలు తాళ్లమీద ఆరేసిన రోజు సరిగ్గా వాటి కిందికి వచ్చి కూర్చుంటుంది. చుక్క పడగానే నాలుకతో అందుకుంటుంది. కరక్కాయ వగరు తగలగానే మొహమంతా ముడుచుకుని, తల విదిలించి, నాలుకను గాల్లో రెండుసార్లు ఆడించి దూరంగా వెళ్లిపోతుంది. పది నిమిషాల్లో మళ్లీ వస్తుంది. పాల వాసన వస్తుంటే పాలు ఎందుకు కావో దానికి ఎన్నాళ్లయినా అంతుపట్టడం లేదు. మామ మనవరాలు ఆ ముడుచుకున్న మొహాన్ని పలకమీద గీస్తే, అదే తీసుకుని దిండు గలీబుల అంచుగా వేయించాం. వచ్చే వారం షాపులోకి వస్తాయి.

ఒక కస్టమర్ కొంచెం కోపంగానే అడిగారు, దేవుళ్లను వేసే కళలో కుక్కల్ని, పిల్లుల్ని వేయడం ఏమిటని. బాధపడి అడిగారని తెలుసు కాబట్టి జవాబు చెప్పాలి. శ్రీకాళహస్తి అన్న పేరులోనే మూడు జీవాలున్నాయి. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ఆ మూడూ శివుణ్ణి కొలిచిన చోటు కాబట్టి ఊరికి ఆ పేరు. సాలీడు తనకు చేతనైన గూడు అల్లి స్వామికి ఇచ్చింది. కాలభైరవుడి పక్కన కుక్క లేకుండా ఎవరూ గీయరు. ఈ ఊళ్లో పుట్టిన కలం ఒక కుక్కను గీస్తే అపచారం అవుతుందని నాకు ఏ కోశానా అనిపించదు. గుళ్లకు వేసే తెరలు వేస్తూనే ఉన్నాం, అడిగినవాళ్లకు ఇస్తూనే ఉంటాం.

పుంగనూరు ఆవు అడిగిన ఆయన ఆర్డర్ గురించి కూడా చెప్పాలి. పుంగనూరు ఆవు ఎత్తు దాదాపు మూడడుగులే. ఫొటో చూసి వేసిన బొమ్మలో అది మామూలు ఆవులాగే వచ్చింది, ఎందుకంటే పక్కన కొలతకు ఏమీ లేదు. ఆయన్ను అడిగితే, పొద్దున్నే వచ్చి తులసికోట దగ్గర నిలబడుతుంది, దాని వీపు కోట అంచు దాటదు అన్నారు. తులసికోట పక్కన పెట్టగానే ఆవు పుంగనూరుది అయిపోయింది.

అంచుల గురించి ఒక సంతోషం పంచుకోవాలి. మా షాపు వీధి చివర రోడ్డు పక్కన నాటిన ఎర్రచందనం చెట్టు ఒకటుంది. ఎర్రచందనం అనగానే మన జిల్లాలో అందరికీ దుంగలు, లారీలు, పోలీసులే గుర్తొస్తారు. కాయ చూసినవాళ్లు ఎంతమంది? గుండ్రంగా, పాత రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. మధ్యలో గింజ ఉన్నచోట ఉబ్బి, చుట్టూ పల్చటి రెక్క. ఆ రెక్క అంచు కొంచెం అలలుగా మెలికలు తిరిగి ఉంటుంది. ఎండిన కాయను వెలుతురుకు పెడితే రెక్కలో సన్నటి ఈనెలు కనిపిస్తాయి. ప్రపంచంలో సహజంగా పెరిగేది మన శేషాచలం కొండల్లో, వాటి చుట్టుపక్కల అడవుల్లోనే అని చెప్పుకునే చెట్టు. దాని కాయ మన ఊరి బట్టమీద లేదేమిటా అనిపించింది. రాలిన నాలుగు కాయలు ఏరి కాగితంలో చుట్టి మామకు ఇచ్చాను. ఆయన ఒకటి అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఇన్నేళ్లూ మామిడి పిందెలే వేస్తా ఉండామే" అన్నాడు. ఇప్పుడు వస్తున్న గోడ గుడ్డల అంచులో ఆ కాయలే ఉంటాయి. మీరు ఎవరైనా రాలిన ఆకో, కాయో, పువ్వో తెచ్చి చూపించినా మాకు సంతోషమే. చెట్టునుంచి తుంచి మాత్రం తేవద్దు.

నల్ల కుక్కలున్నవాళ్లకు ఒక మాట. ఒళ్లంతా కసింతో నింపి ఇవ్వమని అడుగుతున్నారు. కసింలో ఇనుము ఉంటుంది, దట్టంగా పూసిన చోట ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డ బలహీనపడి చిరుగుతుంది. అందుకే దగ్గర దగ్గరగా సన్న గీతలతో నలుపు చూపిస్తాం, మధ్యలో గుడ్డ కనిపిస్తుంది. తెల్లటి జంతువుకు రంగే ఉండదు, గుడ్డే దాని ఒళ్లు. ఇక పంజరంలో చిలుకను వేయమని అడగొద్దు. మన చిలుకల్ని ఇంట్లో బంధించి పెంచడం చట్టప్రకారం నేరం. మీ కిటికీమీదికి వచ్చి వాలే చిలుకైతే ఆనందంగా వేస్తాం.

నెలకు పన్నెండు ఆర్డర్లే తీసుకుంటాం. ఒక్కోదానికి ఎనిమిది వారాలు పడుతుంది. పద్దెనిమిది అంగుళాల గుడ్డ ధర 2,400 రూపాయల నుంచి 2,900కు పెరుగుతుంది, పెంచిన దాంట్లో ఎక్కువ భాగం వేసేవాళ్ల కూలికి, మిగతాది పాలకు. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకు పాత ధరే. నవంబర్, డిసెంబర్‌లో కొత్త ఆర్డర్లు ఉండవు. మనకు వానలు ఎక్కువ పడేది అప్పుడే, ఎండ లేకుండా ఈ పని నడవదు. స్వర్ణముఖిలో నీళ్లు పారేటప్పుడు ఏట్లోనే గుడ్డలు ఉతికేవాళ్లట. ఏడాదిలో చాలా రోజులు ఏరు ఎండిపోయి ఉంటుంది కాబట్టి మేం బోరు నీళ్లలో నాలుగైదుసార్లు జాడిస్తాం, దానికీ టైమ్ పడుతుంది.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. రాయడం కంటే చెప్పడమే మేలు. ఎట్లా పడుకుంటుంది, మీరు ఇంటికి వచ్చేసరికి ఏం చేస్తుంది, ఇంట్లో దానికి ఇష్టమైన చోటు ఏది, ఇంకేం తోస్తే అది. జంతువు ఇప్పుడు లేకపోయినా ఫర్వాలేదు, గుర్తున్నంతవరకు చెప్పండి. ఎంతసేపు చెప్పినా పూర్తిగా వింటాం.

నిన్న పలమనేరు నుంచి ఒక అవ్వ మెసేజ్ వచ్చింది. వాళ్ల మనవడి ఫోన్‌లోంచి పెట్టింది. ఆమెకు ఒక కోడి ఉంది. పొద్దున అవ్వ తలుపు తీయడం ఆలస్యమైతే ఆ కోడి తలుపు సందు దగ్గర నిలబడి, తల పక్కకు తిప్పి, ఒక్క కన్నుతో లోపలికి చూస్తుందట. "ఆ కన్నొక్కటి బాగా వేయమను నాయనా" అని మనవడితో చెప్పడం కూడా అందులో వినిపించింది. ఈరోజు మధ్యాహ్నం మామ తలుపు వరకు గీశాడు.