పైథాన్ మారింది, పాత ప్రోగ్రాముల సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

కళాశాలల ల్యాబుల్లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడల్లా ఏళ్ల తరబడి నడిచిన ప్రోగ్రాములు ఆగిపోవడం, ‘ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంతే’ అన్న నింద లినక్స్ మీద పడడం చూస్తుంటే కంప్యూటర్ అధ్యాపకుడిగా నాకు బాధ కలుగుతోంది. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 20.04 వెర్షన్‌కు సాధారణ మద్దతు 2025లో ముగిసింది కాబట్టి ఇప్పుడు 24.04 వంటి కొత్త వెర్షన్‌కు మారక తప్పదు. 24.04కు మారితే, ప్రోగ్రాములు రాసే భాష అయిన పైథాన్ 3.8 స్థానంలో 3.12 వస్తుంది, పైథాన్ 2లో రాసినవాటికి అక్కడ చోటే లేదు.

నిజానికి ఈ మార్పు చెప్పాపెట్టకుండా వచ్చింది కాదు. పైథాన్ 3 విడుదలైంది 2008 డిసెంబరులో. 2015లో ఆపేస్తామన్న పైథాన్ 2 చివరి వెర్షన్ 2.7 మద్దతును వాడుకరుల ఇబ్బంది చూసి 2020 జనవరి 1 వరకు పొడిగించారు. మనం ఆ గడువును వాడుకోలేదు.

ప్రోగ్రాము నడవనని మొరాయిస్తే కనీసం విషయం తెలుస్తుంది. నడుస్తూనే వేరే జవాబు ఇచ్చేదానితోనే అసలు ప్రమాదం. రెండు ఇంటర్నల్ పరీక్షల్లో 17, 18 మార్కులు వచ్చిన విద్యార్థికి సగటు కట్టమంటే, పూర్ణ సంఖ్యల భాగహారంలో శేషాన్ని వదిలేసే పైథాన్ 2 ఇచ్చే జవాబు 17. అదే వరుసకు పైథాన్ 3 ఇచ్చేది 17.5. ఎర్రర్ ఏదీ రాదు, పట్టిక మాత్రం మారిపోతుంది. తెలుగు పేర్ల విషయం ఇంకా చిక్కు. ‘తెలుగు’ అన్న మాటను మామూలు స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) ఇచ్చి పొడవు అడిగితే, యూటీఎఫ్-8 పద్ధతిలో అక్షరాలు నిల్వయ్యే బైట్లను లెక్కించే పైథాన్ 2 దాన్ని 18 అంటుంది, గుణింత గుర్తులతో సహా యూనికోడ్ సంకేతాలను లెక్కించే పైథాన్ 3 అయితే 6 అంటుంది. పేరును 30 దగ్గర కత్తిరించమని రాసిన పాత కోడ్ కొత్త యంత్రంలో మూడింతల పేరును గడిలోకి తోస్తుంది. మన భాషకు కొత్త పద్ధతే మేలు, సందేహం లేదు. కాని పాత కోడ్‌ను ఎవరో ఒకరు కూర్చుని సరిదిద్దాలి.

పైథాన్ 3లో రాసినవీ పూర్తిగా క్షేమం కాదు. 3.12లో, ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేయడానికి వాడే డిస్ట్‌యుటిల్స్ మాడ్యూలును తొలగించడంతో దాని మీద ఆధారపడిన ఇన్‌స్టాలేషన్ స్క్రిప్టులు ఆగిపోతున్నాయి. అప్పుడు కొందరు తొందరపడి సిస్టమ్ పైథాన్‌నే పాత వెర్షన్‌కు మళ్లిస్తారు. ఉబుంటులో సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ సహా అనేక పరికరాలు ఆ పైథాన్ మీదే నడుస్తాయి గనుక, ఒక్క ప్రోగ్రాము కోసం చేసిన ఆ పని మొత్తం యంత్రాన్ని ఇబ్బందుల్లోకి నెడుతుంది. పాత వెర్షన్ తప్పనిసరైతే దాన్ని వేరుగా పెట్టుకుని, ఆ ప్రోగ్రాముకు మాత్రమే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్ పైథాన్‌ను తాకని విడి పైథాన్ గూడు) ఏర్పాటు చేసుకోవచ్చు.

లైసెన్సు ఫీజు లేకపోవడం వల్ల మిగిలిన సొమ్ములో కొంత భాగమైనా నిర్వహణకు కేటాయించాలని కళాశాల విద్యాశాఖల అధికారులను కోరుతున్నాను. వేసవి సెలవుల్లో ముందుగా ఒకే యంత్రంలో కొత్త వెర్షన్ వేసి, నిరుటి మార్కులను పాత, కొత్త యంత్రాల్లో నడిపి, రెండు పట్టికలూ సరిపోలాకే మిగతా ల్యాబును మార్చేలా ఆదేశాలు ఇవ్వాలి. ఆ పనిని ఇప్పటికే తరగతుల భారం మోస్తున్న అతిథి అధ్యాపకుల నెత్తిన పెట్టకుండా, దానికంటూ ఒక సాంకేతిక సిబ్బందిని నియమించాలి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు,
పల్నాడు జిల్లా