వార్డు గురించి రాస్తే మార్కులు రావు

సంపాదకులకు నమస్కారం.

అధ్యాపకుల నియామకాలు, పదోన్నతులపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనల్లో పరిశోధన మార్కుల పట్టిక ఒకటి ఉంది. రాజనీతిశాస్త్రం వంటి విషయాల్లో ఒక పరిశోధన వ్యాసానికి 10 మార్కులు. దేశీయ ప్రచురణకర్త వేసిన సొంత పుస్తకానికీ అవే 10. ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి పుస్తకం రాసినవారినీ, నెలలో వ్యాసం అల్లేసినవారినీ ఒకే గాటన కట్టేశారు. దినపత్రికలో రాసినదానికైతే ఆ పట్టికలో చోటే లేదు.

బెంగళూరు మహానగర పాలికకు 2015లో 198 వార్డుల్లో ఎన్నికలు జరిగాయి. 2020 సెప్టెంబరులో ఆ సభ గడువు ముగిసింది. తర్వాత ఏళ్లపాటు అధికారులదే రాజ్యం. 2025లో పాలికను ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టే నాటికీ ఎన్నికైన కార్పొరేటరు ఒక్కరూ లేరు. మరి మురుగుకాలువలో పూడిక తీయించాలంటే జనం ఎవరి గడప తొక్కాలి? ఎమ్మెల్యే అనుచరుడిదా, ఇంజినీరుదా? రాజనీతిశాస్త్రం చదివినవారికి ఇంతకన్నా మంచి ప్రశ్న ఏముంటుంది?

మా వీధిలో ఉండే ఒక అధ్యాపకుడు, కోలారు వైపు తెలుగువారు, ఈ ప్రశ్న పట్టుకుని కె.ఆర్.పురం సందులన్నీ తిరిగి పత్రికల్లో రాశారు. పదోన్నతి దరఖాస్తు వేళ ఆయన బల్ల చూశాను. పరిశోధన వ్యాసాల జిరాక్సులన్నిటి మీదా పత్రిక గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్ఎస్ఎన్ నంబరు కింద పసుపు గీత, మూలన పెన్సిలుతో మార్కులు. పత్రికా వ్యాసాల కత్తిరింపులు మాత్రం రబ్బరు బ్యాండు వేసి కుర్చీ కింద పడి ఉన్నాయి. ‘ఇవి లెక్కలోకి రావండీ’ అన్నారు.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా ఈ మార్కుల లెక్కను పక్కన పెట్టింది. తొమ్మిది రంగాల్లో కనీసం నాలుగింటిలో చెప్పుకోదగ్గ కృషి చూపాలంది. సమాజంతో కలిసి పనిచేయడం, భారతీయ భాషల్లో బోధన అందులో ఉన్నాయి. (అంకుర సంస్థ పెట్టడమూ ఉంది. రాజనీతిశాస్త్రం మాస్టారు ఏ సంస్థ పెడతారో!) కానీ రాష్ట్రాల అభ్యంతరాలు, రాజకీయ పార్టీల ప్రకటనలు ఎక్కువగా వైస్ ఛాన్సలర్ల నియామకం చుట్టూనే తిరిగాయి. అధ్యాపకుల మాట పెద్దగా ఎవరికీ పట్టలేదు.

పత్రికా రచనకు విలువ కడితే పార్టీల భజనపరులకు పండగే అనేవారున్నారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే అచ్చయిన కాగితాన్ని మాత్రమే చూస్తే చాలదు. దాని వెనక ఎవరిని అడిగారు, ఏ రికార్డులు చూశారు అన్నది ఎంపిక సంఘం అడిగి తెలుసుకోవాలి. స్థానిక పాలనపై అధ్యయనం చేసి జనభాషలో రాయడం ‘సమాజంతో కలిసి పనిచేయడం’ కిందికే వస్తుందని నిబంధనల్లో యూజీసీ స్పష్టంగా రాయాలి.

– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు