పంపు మార్చే ముందు ఛాసిస్ నంబరు చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

కారు నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఆగిపోతే మెకానిక్ "ఫ్యూయల్ పంపు పోయింది సార్, సెట్టు మొత్తం మార్చాలి" అంటాడు, మనం డబ్బులు కట్టేసి వస్తాం. ఆ పంపును కంపెనీయే ఉచితంగా మార్చాల్సి ఉందేమోనని చాలాచోట్ల ఎవరూ చూడరు.

2020 జులైలో మారుతి కంపెనీ 1,34,885 వాగన్‌ఆర్, బాలెనో కార్లను లోపమున్న భాగం ఉచితంగా మార్చడానికి వెనక్కి పిలిచింది, దీన్నే రీకాల్ అంటారు. హోండా 2021 ఏప్రిల్‌లో 77,954 కార్లను పిలిచింది. అన్నీ ఫ్యూయల్ పంపు కోసమే. 2024 అక్టోబరులో ఇదే పంపు కోసం హోండా మళ్లీ 90 వేలకు పైగా కార్లను పిలిచింది, అవన్నీ దాదాపు 2017-18లో తయారైనవి. అన్నేళ్లలో ఎన్ని బండ్లు చేతులు మారి ఉంటాయో చెప్పండి! రీకాల్ కబురు మొదటి ఓనరు ఫోనుకు పోతే, ఇప్పుడు నడుపుతున్నవాళ్లకు తెలిసేదెలా?

పెట్రోల్ కార్లలో ఈ పంపు ట్యాంకులోనే ఉంటుంది. తాళం తిప్పగానే వెనక నుంచి ఒకట్రెండు సెకన్లు సన్నగా జుయ్యిమని వినిపించేది దాని మోతే. పెట్రోలును ఇంజిన్‌కు తోసే చిన్న చక్రం, ఇంపెల్లర్, దాని లోపల ఉంటుంది. ఆ చక్రంలో లోపముంటే బండి స్టార్టే కాకపోవచ్చు, లేదా రోడ్డు మధ్యలో ఆగిపోవచ్చు. ఇంజిన్ ఆగాక ఒకట్రెండు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, అదీ అసలు ప్రమాదం.

మాది సెకండ్ హ్యాండ్ కారు. సూర్యాపేట దాటాక హైవే మీద ఇలాగే ఆగింది, వెనక లారీలు, సీట్లో పిల్లలు, ఆ టెన్షన్ ఇంకా పోలేదు. గ్యారేజీలో వెనక సీటు ఎత్తి, గుండ్రటి మూత విప్పి, పెట్రోలు ఎంతుందో చూపే ఫ్లోటుతో సహా పంపును పైకి లాగారు. మోటారొక్కటే మార్చమంటే విడిగా దొరకదన్నారు, కల్తీ పెట్రోల్ వల్లే అన్నారు, బిల్లు వేలల్లో వేశారు. ఛాసిస్ నంబరు మాత్రం ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి కంపెనీ వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే మా బండి మీద రీకాల్ లేదని వచ్చింది, సరే. ఉండి ఉంటే మాత్రం అంత డబ్బూ ఊరికే పోయేది కదా.

చట్టం లేకపోలేదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో రీకాల్ కోసం 110ఎ సెక్షన్ వచ్చింది, 2021 ఏప్రిల్ 1 నుంచి రీకాల్ నిబంధనలు అమలవుతున్నాయి, ప్రభుత్వం ఆదేశించి పిలిపిస్తే కంపెనీకి కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. కానీ ఆ నిబంధనలు ఏడేళ్ల లోపు బండ్లకే. హోండా పిలిచిన 2017 నాటి కార్లలో కొన్ని 2024 అక్టోబరుకే ఆ గడువు దాటేశాయి, కంపెనీ తనంతట తానే పిలిచింది కాబట్టి సరిపోయింది.

ఆర్సీ కొత్త ఓనరు పేరు మీదికి మార్చేటప్పుడు పెండింగు రీకాల్ ఉందో లేదో రవాణా శాఖ ఆ కాగితం మీదే రాసివ్వాలి, నంబర్లు కంప్యూటర్లో ఉన్నప్పుడు ఇది పెద్ద పని కాదు. షోరూమైనా, వీధి చివరి గ్యారేజీ అయినా పంపు మార్చే ముందు ఛాసిస్ నంబరు చూడాలి, పాత పంపు అడక్కుండానే ఓనరుకు ఇవ్వాలి. మీరు కూడా రీకాల్ వార్తను బిజినెస్ పేజీలో రెండు లైన్లతో సరిపెట్టకుండా, ఏ మోడలు, ఏ నెల నుంచి ఏ నెల వరకు తయారైందో జిల్లా పేజీల్లో వేయాలని కోరుతున్నాను.

– ఒక కారు ఓనరు, ఖమ్మం