బడి పిల్లల సినిమాలు బడికి రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను వారం వారం సినిమాకు వెళ్లే మనిషిని కాదు. ఎవరైనా బాగుందంటే వెళ్తాను, లేదంటే ఇంట్లో ఫోన్‌లోనో టీవీలోనో చూస్తాను. ఈమధ్య అలా చూసినవాటిలో మూడు సినిమాలు మనసులో ఉండిపోయాయి. మూడూ చదువుల చుట్టూ, చదువుకునే వయసు పిల్లల చుట్టూ తిరిగేవే. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది.

మొదటిది '35 చిన్న కథ కాదు'. మా పక్కనున్న తిరుపతిలో జరిగే కథ. అందులో అరుణ్ అనే పిల్లాడికి సున్నా అంతుపట్టదు. విలువే లేదంటున్న సున్నా ఒకటి పక్కన చేరగానే పదెలా అవుతుంది, తొమ్మిదిని ఎలా మించుతుంది అని అడుగుతాడు. ఇది మొద్దబ్బాయి అడిగే ప్రశ్న కాదండీ. మా ఆరో తరగతిలో ఎక్కువమంది ఇది అడగకుండానే బట్టీ పట్టి దాటిపోతారు. పది పుల్లల్ని రబ్బరు బ్యాండుతో కట్టించి, ఆ కట్టను పదుల స్థానంలో పెట్టించి, "విడిపుల్లలు ఎన్ని మిగిలాయిరా?" అంటే అప్పుడు చెబుతారు, ఏమీ లేవని. ఆ 'ఏమీ లేవు' అన్నదాన్ని ఒకట్ల స్థానంలో రాయడానికే సున్నా కావాలి. సున్నాతో లెక్కలు చేసే నియమాలను క్రీ.శ. 628లో రాసిన బ్రహ్మగుప్తుడంతటివాడు కూడా సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా వస్తుందన్నాడు. ఇప్పటి గణితం అది ఒప్పుకోదు. అంత పెద్దాయనకే చిక్కుపడిన చోట మా పిల్లలు ఆగిపోతే, వాళ్లను మార్కులతో పిలవడం ఏం న్యాయం? సినిమాలో చాణక్య వర్మ మాస్టారు చేసేది అదే. ప్రియదర్శి ఆ పాత్ర చేస్తుంటే నాకు ఒళ్లు మండింది. అలాంటి పిలుపులు బయట బళ్లలోనూ వినపడుతున్నాయి కనుకే అంత కోపం వచ్చింది. పదో తరగతి తప్పి, కొడుకు కోసం మళ్లీ పుస్తకం పట్టే తల్లి సరస్వతి పాత్రలో నివేదా థామస్‌ను చూసి మా బడికి వచ్చే తల్లులు చాలామంది గుర్తొచ్చారు. ఆమెకు తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డు ఇచ్చిందని చదివి ఎంతో సంతోషపడ్డాను.

రెండోది 'కోర్ట్'. ఇక్కడ అదే ప్రియదర్శి పిల్లవాడి తరఫున నిలబడే లాయరు. ఇంటి పరువు కోసం ఒక పేదింటి కుర్రాడి మీద పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే చట్టం) కేసు పెట్టించే మంగపతిగా శివాజీ గారు భయపెట్టారు. వాదనలు నడిచినంతసేపూ కదలకుండా చూశాను. అయితే ఆ కుర్రాడు ప్రేమించిన అమ్మాయి జాబిల్లికి తన మాట తాను చెప్పుకునే చోటు ఇంకాస్త ఇచ్చి ఉండాల్సింది. ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ సినిమా చూసి వచ్చిన కుర్రాళ్లు కొందరు ఆ చట్టమే తప్పన్నట్టు మాట్లాడటం విన్నాను. పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా అది పెద్ద అండ. సినిమా తప్పుపట్టింది దాన్ని అడ్డం పెట్టుకున్నవాణ్ణి. ఈ తేడా పిల్లలకు పక్కన కూర్చుని విడమరిచి చెప్పాలి. కానీ ఆ సినిమా వచ్చింది 2025 మార్చి 14న. మన రాష్ట్రంలో పది పరీక్షలు మొదలైంది 17న. చూడాల్సిన పిల్లలు ఆ వారం ఏ సినిమాకు వెళ్తారు?

మూడోది 'లిటిల్ హార్ట్స్'. ఎంసెట్‌లో ర్యాంకు రాక లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరిన కుర్రాడి కథ. మౌళి మాట తీరుకు బాగా నవ్వాను. ర్యాంకు పోయినా బతుకు పోదన్న ధైర్యం పిల్లలకు అందుతుంది. ప్రేమ గొడవ కొంచెం ఎక్కువైందని నా అభిప్రాయం, అది వయసు తేడా కావచ్చు.

నా అసలు విన్నపం ఇది. బడి పిల్లల మీద తీసిన ఇలాంటి సినిమాలు బడి పిల్లల దాకా రావడం లేదు. మా పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు కూలి పనికి వెళ్తారు. ఇంటిల్లిపాదికీ టికెట్లు కొనడం వాళ్ల వల్ల కాదు, ఓటీటీ చందాలు కట్టడం అసలే కాదు. ఒకప్పుడు హైదరాబాద్‌లో బాలల చలనచిత్రోత్సవాలు జరిగేవి, బాలల చిత్ర సమితి అని ఒక సంస్థ ఉండేది. 2022లో దాన్నీ జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. ఇప్పుడు మా తరగతి గదిలో ఐఎఫ్‌పీ అనే పెద్ద డిజిటల్ తెర ఉంది, కరెంటు ఉంది, కూర్చోబెట్టి చూపించడానికి టీచర్లం ఉన్నాం. బడిలో విద్యార్థులకు, తల్లిదండ్రులకు మాత్రమే సినిమా వేసి చూపిస్తే 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కూడా అడ్డు చెప్పదు. లేనిదల్లా వేయడానికి ఒక కాపీ, శాఖ నుంచి ఒక ఉత్తర్వు.

నిర్మాతలు ముందుకొచ్చి బడుల కోసం కాపీలు ఇవ్వాలి. విద్యాశాఖ '35'ను ఆరు నుంచి పది తరగతుల వారందరికీ, 'కోర్ట్'ను తొమ్మిది, పది తరగతులకు చూపించి, తర్వాత ఒక పీరియడ్ మాట్లాడుకోవడానికి వదలాలి. నవంబరు 14 బాలల దినోత్సవం. పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది కూడా 2012లో అదే రోజున. ఈ ఏడాది ఆ రోజే మొదలుపెట్టమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక లెక్కల టీచర్, శ్రీకాళహస్తి